పాత వ్యాను ఇంజిన్: ఖర్చు లెక్క ఎక్కడ తప్పుతోంది

మదనపల్లెలో టమాటా క్రేట్లు, పుంగనూరులో పాల క్యాన్లు, కుప్పంలో పూలు, కూరగాయలు. సరకు ఏదైనా మోసే బండ్లు మాత్రం ఒకే రకం. చాలావరకు రెండో చేతికో మూడో చేతికో వచ్చిన టాటా ఏస్, బొలెరో పికప్, అశోక్ లేలాండ్ దోస్త్. వీటిని కొనేవాళ్లు, నడిపేవాళ్లు, బాగుచేసేవాళ్లు ఏళ్ల తరబడి వాదించుకుంటున్నారు. పైకి అది ఒకే వాదనలా వినిపిస్తుంది గానీ అందులో మూడు ప్రశ్నలు చిక్కుపడి ఉన్నాయి. ఏ ఇంజిన్ కొనాలి? పాడైతే ఎవరి చేతిలో పెట్టాలి? ఎంతదాకా బాగుచేయిస్తూ పోవాలి?

ఒక ప్రశ్నకు చెప్పాల్సిన జవాబు ఇంకో ప్రశ్నకు చెప్పడం వల్లే గొడవ తెగడం లేదు. "కామన్ రైల్ జోలికి పోవద్దు, పాత పంపు ఇంజినే మేలు" అన్న మాటనే చూడండి. (కామన్ రైల్ అంటే కంప్యూటర్ అదుపులో, చాలా ఎక్కువ ఒత్తిడితో డీజిల్ చిమ్మే పద్ధతి.) వినడానికి ఇంజిన్ మంచిచెడుల గురించి చెప్పినట్టే ఉంటుంది. అసలు చెబుతున్నది మాత్రం, మన ఊళ్లో దాన్ని విప్పి మళ్లీ బిగించగల మనిషి దొరుకుతాడా లేదా అని. ఆ రెండింటినీ విడదీయకపోతే ఖర్చు లెక్క మొదటి అడుగులోనే తప్పుతుంది.

దారి చేసే పని

అనంతపురం, కదిరి మీదుగా వచ్చే 42వ నంబరు జాతీయ రహదారి మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం దాటి తమిళనాడులోని కృష్ణగిరి చేరుతుంది. మొదట చెప్పిన మూడు ఊళ్లూ ఈ ఒక్క దారి మీదివే. మదనపల్లె, కుప్పం రెండూ సముద్రమట్టానికి ఇంచుమించు 700 మీటర్ల ఎత్తున ఉన్నాయి. చిత్తూరు, తిరుపతి బాగా దిగువన ఉన్నాయి. చిత్తూరు వైపు మొగిలి ఘాటు, తిరుపతి వైపు భాకరాపేట ఘాటు దిగాలి.

ఇంజిన్ పోయిందంటే చాలామంది నింద ఈ ఘాట్ల మీదే వేస్తారు. కొంచెం ఆలోచిస్తే అది అంతగా నిలవదు. ఇక్కడి పంట చెన్నైకో తిరుపతికో పోయేటప్పుడు దిగుడు దారి, అక్కడ కష్టమంతా బ్రేకులది. తిరుగు ప్రయాణంలో ఎక్కుడు దారి ఉన్నా చాలా బండ్లు ఖాళీగానో తేలిక సరకుతోనో వస్తాయి. సిమెంటు, ఎరువు లాంటి బరువు కిరాయి తిరుగు దారిలో పట్టుకున్న బండి సంగతి వేరు.

ఇంజిన్‌ను అసలు తినేది చేను గట్టు నుంచి తారు రోడ్డు దాకా ఉండే నాలుగైదు కిలోమీటర్లు. మెత్తటి మట్టి, నిండు లోడు, మొదటి గేరు, రెండో గేరు. బండి మెల్లగా పోతుంది కాబట్టి రేడియేటర్‌కు ఎదురుగాలి ఉండదు, ఇంజిన్ మాత్రం గట్టిగా తిరుగుతుంది. ఆ తర్వాత మార్కెట్ యార్డు దగ్గర వరసలో ఇంజిన్ ఆపకుండా నిలబడటం. మీటరులో ఇదంతా పది కిలోమీటర్లకు మించదు. అందుకే ఈ ప్రాంతంలో మీటరు చూసి ఇంజిన్ వయసు కట్టడం దండగ. మీటరు వెనక్కి తిప్పకపోయినా అది చెప్పేది సగమే.

మటాడోర్ నుంచి బీఎస్-6 దాకా

ఏస్ రాకముందు చిన్న సరకు అంటే మటాడోర్ వ్యాను, లేదంటే లారీలో పంచుకున్న చోటు. 1980లలో జపాన్ సాంకేతికతతో తేలిక సరకు బండ్లు వరసగా వచ్చాయి. స్వరాజ్ మాజ్దా, డీసీఎం టొయోటా, ఐషర్ మిత్సుబిషీతో పాటు మన జహీరాబాద్‌లో తయారైన ఆల్విన్ నిస్సాన్ కూడా ఆ కాలానిదే. ఆ కర్మాగారం తర్వాత మహీంద్రా చేతికి వెళ్లింది. ఆ తరం బండ్లతోనే పంపు షాపులు, లేత్ షాపులు చిన్న పట్టణాల్లో వేళ్లూనుకున్నాయి.

2005 మేలో టాటా ఏస్ వచ్చాక లెక్క మారింది. రెండు సిలిండర్లు, 702 సీసీ, 16 హార్స్ పవర్, ముప్పావు టన్ను మోత. ఇండికా కారు డీజిల్ ఇంజిన్‌ను సగానికి కోసినట్టు ఉండే ఇంజిన్ అది. దాని విడిభాగాలు తొందరగా ఊరూరా దొరికాయి, దాన్ని విప్పడం తొందరగా అందరికీ వచ్చింది. 2010లో మహీంద్రా మాక్సిమో రెండు సిలిండర్ల ఇంజిన్‌లోనే కామన్ రైల్ తెచ్చింది. 2011లో దోస్త్ మూడు సిలిండర్ల టర్బో ఇంజిన్‌తో టన్నూ పావు మోతకు దిగింది. అది తయారయ్యేది హోసూరులో కావడంతో కుప్పం వాళ్లకు విడిభాగాల విషయంలో అది దాదాపు పక్కింటి బండి.

2017 ఏప్రిల్ నుంచి దేశమంతటా బీఎస్-4 కాలుష్య ప్రమాణాలు, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 తప్పనిసరి అయ్యాయి. డీజిల్‌లో గంధకం 50 పీపీఎం నుంచి 10కి తగ్గింది. డీజిల్ బండ్ల పొగ గొట్టంలోకి మసిని పట్టే ఫిల్టరు, దాన్ని కనిపెట్టి ఉండే సెన్సార్లు వచ్చి చేరాయి. పాత బండ్ల సంతలో ఇప్పుడు బీఎస్-3, బీఎస్-4, బీఎస్-6 మూడు తరాలూ పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. మెకానిక్కుల చేతి పని మాత్రం మొదటి తరం దగ్గర బలంగా, మూడో తరం దగ్గర పలచగా ఉంది.

ఇంజిన్ ఎక్కడ దెబ్బ తింటుంది

ఈ ప్రాంతంలో పాత వ్యానుల జబ్బులన్నీ ఒక వరసలో పెడితే వేడి ముందు నిలుస్తుంది. 

కూలెంట్ తగ్గినప్పుడల్లా దారిలో దొరికిన బోరు నీళ్లు పోయడం ఇక్కడ మామూలు. ఆ నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ. అవి రేడియేటర్ గొట్టాల్లో, సిలిండర్ హెడ్డు లోపలి దారుల్లో పొరలా పేరుకుంటాయి. బయట రేడియేటర్ రెక్కల మధ్య ఎర్రమట్టి నిండుతుంది. ఫ్యాన్ బెల్టు వదులైనా, హోసు పైపు చీలినా మొదట కనిపించేది వేడి చూపే ముల్లు పైకి పోవడమే. అది చూసీ "యార్డు దాకా పోయాక చూద్దాంలే" అనుకున్న చోట హెడ్డు వంగుతుంది, గ్యాస్కెట్ కాలుతుంది. ఆపైన కూలెంట్ ఆయిల్లో కలిసి ఆయిల్ పాలు పోసిన టీ రంగుకు మారుతుంది, పొగ గొట్టం నుంచి తెల్లటి ఆవిరి వస్తుంది, రేడియేటర్ మూత తీస్తే బుడగలు పొంగుతాయి.

ఇక్కడే ఒక పాత అలవాటు మీద రెండు మాటలున్నాయి. వేడెక్కే బండికి థర్మోస్టాట్ వాల్వు పీకేయడం చాలా షెడ్లలో మందు. నీళ్లు అడ్డు లేకుండా తిరుగుతాయి కాబట్టి ముల్లు దిగుతుంది, డ్రైవరు సంతోషిస్తాడు. కానీ ఇంజిన్ తన పని వేడికి ఎప్పటికీ చేరదు. డీజిల్ ఎక్కువ తాగుతుంది, ఆయిల్ త్వరగా చెడుతుంది, రింగులు అరుగుతాయి. పైగా మూసుకుపోయిన రేడియేటర్ అలాగే ఉంటుంది. పాత పంపు ఇంజిన్‌లో ఈ నష్టం మెల్లగా బయటపడుతుంది కాబట్టి ఎవరూ దీన్ని ఆ వాల్వుకు ముడిపెట్టరు. కంప్యూటర్ ఉన్న ఇంజిన్‌లో వెంటనే లైటు వెలుగుతుంది. ఈ అలవాటు తప్పనే చెప్పాలి, ఎన్నేళ్ల అనుభవం దాని వెనక ఉన్నా.

రెండోది బరువు. క్రేటుకు 25 నుంచి 30 కిలోలు. అంటే ఏస్ మోయాల్సింది పాతిక ముప్పై క్రేట్లు. దానికి రెట్టింపు ఎక్కిన బండి కనిపించని రోజు సీజనులో ఉండదు. ఎక్కువ బరువు అరుగుదలను వేగం చేస్తుంది. పిస్టన్ రింగులు అరిగి, మండిన వాయువు క్రాంకు గదిలోకి దిగుతుంది. షెడ్డు భాషలో అదే బ్యాక్ కంప్రెషన్. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే భక్కుభక్కున పొగ కొడుతుంది. నీలి పొగ, తగ్గుతూ పోయే ఆయిల్ దాని తోడు లక్షణాలు.

మూడోది ఇంధనం దారి. నల్ల పొగ వస్తే ముందు గాలి ఫిల్టరు, తర్వాత నాజిళ్లు, పంపు చూడాలి. చేల దుమ్ములో తిరిగే బండికి గాలి ఫిల్టరే సగం జబ్బు. డీజిల్లో నీళ్లు కలిస్తే పాత నాజిల్ కొంత ఓర్చుకుంటుంది. వెయ్యి బార్లు దాటిన ఒత్తిడితో పనిచేసే కామన్ రైల్ ఇంజెక్టర్ ఓర్చుకోదు. టర్బో బండ్లలో ఎక్కుడు దారి ఎక్కీ ఎక్కగానే ఇంజిన్ ఆపేయడం ఇంకో అలవాటు. ఎర్రగా కాలిన టర్బోకు ఆయిల్ అందక దాని బేరింగు మాడుతుంది. ఒక నిమిషం నిదానంగా తిరగనిస్తే సరిపోయే పని అది.

ఏస్ పాత ఇంజిన్‌లో టైమింగ్ బెల్టు ఒక ప్రత్యేక ప్రమాదం. చూడటానికి బాగున్నా గడువు దాటితే మార్చాలి. నడుస్తూ తెగితే వాల్వులు పిస్టన్ మీదికి వస్తాయి. బీఎస్-6 డీజిల్ బండ్లలో పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్‌కు మసి పట్టడం, మసి ఫిల్టరు (డీపీఎఫ్) మూసుకుపోవడం కొత్త జబ్బులు. ఆ ఫిల్టరు తనను తాను కాల్చుకుని శుభ్రపడాలంటే బండి కొంతసేపు ఆగకుండా వేగంగా పోవాలి. పల్లె పల్లెకూ ఆగే పాల వ్యానుకు ఆ అవకాశం దొరకదు. పుంగనూరు చుట్టుపక్కల పొద్దున్నే తిరిగే బండికీ, కుప్పం నుంచి రోజూ బెంగళూరు పోయే బండికీ ఒకే మోడల్ అయినా ఆయుష్షు ఒకటి కాకపోవడానికి ఇదొక కారణం.

రూపాయల్లో

కింది అంకెలు అంచనాలే. విడిభాగం కంపెనీదా, బయటిదా అన్నదాన్ని బట్టి, షెడ్డును బట్టి చాలా మారతాయి. ఏ పని ఏ స్థాయి ఖర్చు అన్నది తెలియడానికి మాత్రం చాలు.

రేడియేటర్ శుభ్రం, హోసు పైపులు, బెల్టు, సరైన కూలెంట్ అన్నీ కలిపినా రెండు నుంచి నాలుగు వేలు. ఇదే పని చేయించక హెడ్డు దాకా వస్తే, రెండు సిలిండర్ల బండికి గ్యాస్కెట్, హెడ్డు చదును చేయడం, కూలీ కలిపి ఎనిమిది నుంచి పదిహేను వేలు. హెడ్డు పగిలితే ఇంకా పైన. అక్కడా ఆగకపోతే ఇంజిన్ దించాలి. బోరు, పిస్టన్లు, రింగులు, బేరింగులు, అవసరమైతే క్రాంకు గ్రైండింగ్. ఏస్ స్థాయి ఇంజిన్‌కు ముప్పై అయిదు నుంచి అరవై వేలు, దోస్త్, బొలెరోలకు లక్షకు అటూ ఇటూ. ఒకే జబ్బు మూడు మెట్లు, మెట్టు మెట్టుకూ ఖర్చు దాదాపు నాలుగు రెట్లు.

పాత పంపు ఇంజిన్‌లో నాజిళ్లు సరిచేయించడం కొద్ది వేలతో పోతుంది, పంపు విప్పితే పది వేల చుట్టూ. కామన్ రైల్‌లో కొత్త ఇంజెక్టర్ ఒక్కొక్కటే పది నుంచి ఇరవై వేలు, టర్బో మార్చాలంటే ఇరవై వేలకు పైనే. డీపీఎఫ్ శుభ్రం చేయించడం వేలల్లోనే తెమిలినా కొత్తది వేయాలంటే లక్ష దాకా పోవచ్చు. కొన్నాళ్లుగా కాస్త ఊరట ఏమిటంటే, 2025 సెప్టెంబర్ 22 నుంచి వాహన విడిభాగాలన్నిటికీ జీఎస్టీ 18 శాతమే. అంతకుముందు చాలావాటికి 28 ఉండేది.

ఈ లెక్కలో ఎవరూ రాసుకోని పద్దు ఒకటుంది. బండి షెడ్డులో ఉన్న రోజులు. ఇంజిన్ దించితే, లేత్ పని బయటికి పోవాల్సి వస్తే వారం గడవడం పెద్ద విషయం కాదు. డిసెంబరులో ఆ వారం నష్టం చిన్నది. 2023 జులైలో టమాటా కిలో వంద దాటినప్పుడు అదే వారం పోతే కిరాయిలూ పోతాయి, పాత ఖాతాలూ వేరే బండికి మారిపోతాయి. ధర పడిపోయి పంట రోడ్డు పక్కన పారబోసే వారాల్లో బండి షెడ్డులో ఉన్నా ఎవరికీ పట్టదు. కాబట్టి ఇంజిన్ పని ఎంతకు అయిందన్నదానికి ముందు, ఏ నెలలో చేయించారని అడగాలి.

నాలుగు వాదాలు

మొదటిది షెడ్డు వాదం. తెలిసిన మెకానిక్, విప్పితే కనిపించే ఇంజిన్, అప్పు పెట్టుకోగల చనువు. సాయంత్రం ఇచ్చిన బండి పొద్దున్నే చేతికి వస్తుంది. కుప్పంలో జబ్బు చెప్పడం తెలుగులో మొదలై తమిళంలో ముగిసినా పని జరుగుతుంది. దీని బలహీనత విడిభాగం. పెట్టెలో ఉన్నది అసలుదా నకిలీదా అన్నది బండి యజమానికి తెలియదు, ఒక్కోసారి మెకానిక్కుకూ తెలియదు. కొలత తీయకుండా "రింగులు వేస్తే సరిపోతుంది" అని చేసిన సగం పని ఆర్నెల్లకే మళ్లీ షెడ్డుకు తెస్తుంది. బోరు కోడిగుడ్డు ఆకారంలో అరిగినప్పుడు కొత్త రింగులు ఏం పట్టుకుంటాయి?

రెండోది కంపెనీ వాదం. స్కానరు, కొలతలు, బిల్లు, పనికి కొంత హామీ. బీఎస్-4 తర్వాతి ఇంజిన్లకు ఈ వాదం బలం రోజురోజుకూ పెరుగుతోంది. పదిహేనేళ్ల ఏస్‌కు మాత్రం దీనితో అంత పని లేదు. లక్షకు అటూ ఇటూగా దొరికే బండికి, ఆ ధరను మింగే బిల్లు ఎవరు కడతారు?

మూడోది అమ్మేసే వాదం. పెద్ద పని రాకముందే దాటించేయాలంటుంది. ఒక్క మనిషి లెక్కలో ఇది తెలివైనదే. ఊరి లెక్కలో జబ్బు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారడమే. అమ్మేముందు చిక్కటి ఆయిల్ పోసి పొగ తగ్గించడం, కొనేవాడు వచ్చేసరికి ఇంజిన్ వేడి చేసి ఉంచడం ఈ వాదం నీడలో పెరిగిన విద్యలు. దానికి విరుగుడు కూడా పాతదే. తెల్లవారుజామున, చెప్పకుండా వెళ్లి, చల్లటి ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూసి, అప్పుడు స్టార్ట్ చేయమనడం.

నాలుగోది మార్పిడి వాదం. డీజిల్ గొడవే వద్దు, పెట్రోలుకో సీఎన్‌జీకో కరెంటుకో పోదామంటుంది. 2025 జూన్‌లో టాటా ఏస్ ప్రో 3.99 లక్షల ప్రారంభ ధరకు రావడం, సెప్టెంబరులో కొత్త సరకు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18కి దిగడం ఈ వాదానికి ఊతం. కొత్త బండి ధర తగ్గితే పాతదాని ధరా దిగాలి, అప్పుడు పాత ఇంజిన్ మీద పెట్టదగిన ఖర్చు హద్దూ దిగుతుంది. చిన్న మోతకు, ఊరి లోపలి తిరుగుడుకు ఈ వాదం సరిపోతుంది. టన్నున్నర వేసి చేలోంచి లాగేవాళ్లకు ఇంకా డీజిలే కావాలి.

ఈ నాలుగూ ఒకదానికొకటి పోటీ కావు. బీఎస్-3 పంపు ఇంజిన్‌కు షెడ్డు, లేత్ షాపులో కొలత తీయించే షరతు మీద. కామన్ రైల్‌కు ఇంజెక్టర్ల దాకా కంపెనీ, మిగతా పనికి షెడ్డు. హెడ్డు పని రెండోసారి వస్తే అమ్మకం, కొనేవాడికి ఆ సంగతి చెప్పి. ఇలా పంచుకుంటే చాలా వాదన మిగలదు.

కాగితం కూడా ఇంజినే

పక్క రాష్ట్రాల బండ్లు ఇక్కడ చవకగా కనిపిస్తాయి. కోలారు, కృష్ణగిరి దూరం కావు. కానీ ఎన్‌ఓసీ, పన్ను, ఆంధ్రప్రదేశ్ నంబరు ఖర్చు కలిపాకే ధర పోల్చాలి. బయటి రాష్ట్రం బండి 12 నెలలకు మించి ఇక్కడ ఉంటే కొత్త నంబరు తప్పదు. ఫైనాన్స్ తీరినా ఆర్‌సీ నుంచి ఆ పేరు తీయించని బండి అమ్మబోయినప్పుడు ఇరుక్కుంటుంది. ఎనిమిదేళ్ల లోపు బండికి రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్). పొగ ఎక్కువ కొట్టే ఇంజిన్‌కు ఇది నేరుగా మరమ్మతు ఖర్చే. మసి ఫిల్టరు కోసి పారేసి గొట్టం అతికించడం చట్టవిరుద్ధం, చవకగా కనిపించినా అది తర్వాతి ఎఫ్‌సీకి వాయిదా వేసిన బిల్లు.

తేలనివి

ఇంజిన్ నష్టంలో అధిక బరువు వల్ల ఎంత, వేడి వల్ల ఎంత అన్నది ఇంకా తేలలేదు. రెండూ కలిసే వస్తాయి కాబట్టి విడదీయడం కష్టం. నిండు లోడుతో ఏళ్లు నడిచినా కూలెంట్ సరిగా చూసుకున్న బండి ఇంజిన్ దించకుండా ఉండటం, తేలిక సరకు మోసినా నీళ్లతో సరిపెట్టిన బండి హెడ్డు పోగొట్టుకోవడం వేడి వైపే వేలు చూపిస్తాయి. పోలీసు చలానాకు బరువే కారణమన్నది, టైర్లకు, బ్రేకులకు బరువే శత్రువన్నది వేరే సంగతి.

పెట్రోలు వ్యానుల్లో 20 శాతం ఇథనాల్ ప్రశ్న కొత్తది. 2023 ఏప్రిల్ తర్వాతి బండ్లు దానికి తట్టుకునేలా తయారయ్యాయి. అంతకుముందువి అలా తయారు కాలేదు, బంకులో మాత్రం రెండింటికీ ఒకటే పెట్రోలు. రబ్బరు పైపులు, సీళ్ల మీద దాని ప్రభావం ఈ పాత బండ్లలో ఎంత త్వరగా కనిపిస్తుందన్నదాని మీద మెకానిక్కులు ఒక మాట మీద లేరు.

అన్నిటికన్నా పెద్దది బీఎస్-6 డీజిల్. 2020లో రోడ్డెక్కిన మొదటి బండ్లు వారంటీ దాటి ఇప్పుడు పాత బండ్ల సంతకు వస్తున్నాయి. ధర ఊరిస్తోంది. డీపీఎఫ్ మిగిలిన ఆయుష్షును కొలిచి చెప్పే స్కానరు, దాన్ని చదవగల మనిషి షెడ్డులో ఉంటేనే ఆ ధర నిజమా కాదా తెలుస్తుంది. 2028లో ఆ బండ్లకు ఎనిమిదేళ్లు నిండుతాయి. అక్కడి నుంచి ఏటా ఎఫ్‌సీకి నిలబడాలి.